ఉద్యోగం వదిలి మాన్‌పవర్ ఫ్రాంచైజీ: అప్పు ఇచ్చే ముందు దాతలు తెలుసుకోవలసినది

మన సొసైటీ ఖర్జె హసనా నిధి నుంచి ఇన్నాళ్లూ అప్పులు కిరాణా కొట్టుకు, కుట్టు మిషనుకు, ఆటోకు, పాడి గేదెలకు వెళ్లాయి. వీటి గురించి దాతలకు వివరించాల్సిన పని ఎప్పుడూ పడలేదు. గేదె ఎంత పాలిస్తుందో, ఆటో రోజుకు ఎన్ని ట్రిప్పులు తిరుగుతుందో కోటగిరిలో ఎవరిని అడిగినా చెబుతారు. ఈమధ్య వేరే రకం దరఖాస్తులు మొదలయ్యాయి. హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు రాజీనామా చేసి వచ్చి, కోటగిరిలోనో బోధన్‌లోనో బాన్సువాడలోనో 'మాన్‌పవర్ ఫ్రాంచైజీ' తీసుకుంటామని, అందుకు వడ్డీ లేని అప్పు కావాలని అడుగుతున్నారు. బ్యాంకు అప్పు తీసుకుంటే వడ్డీ కట్టాలి కాబట్టి మన దగ్గరికి వచ్చారు. అందులో తప్పేమీ లేదు.

అయితే మన దాతలు వేసిన ప్రశ్నలు న్యాయమైనవి. నెలనెలా జీతం వచ్చే మనిషికి సొసైటీ డబ్బు ఎందుకు? ఫ్రాంచైజీ అంటే అసలు ఏం కొంటున్నాడు? ఆ డబ్బు ఎవరి జేబులోంచి తిరిగి వస్తుంది? ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా పెద్దదని మా అభిప్రాయం.

మొదట ఒక మాట స్పష్టం చేయాలి. ఇది జకాత్ సొమ్ము విషయం కాదు. జకాత్ ఖాతా వేరు, దాని హక్కుదారులు వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది తిరిగి రావలసిన ఖర్జె హసనా గురించి. ఒకరు తిరిగి కడితేనే అది ఇంకొకరికి అందుతుంది. కనుక ఈ నిధి నుంచి ఒక్కరికి ఇచ్చే నాలుగైదు లక్షలు పది పన్నెండు కుట్టు మిషన్ల ఇళ్లను పక్కన పెట్టి ఇచ్చేవే.

ఫ్రాంచైజీ అంటే పేరును అద్దెకు తీసుకోవడం. పెద్ద కంపెనీ తన బోర్డును, సాఫ్ట్‌వేరును, పని నేర్పే పుస్తకాన్ని ఇస్తుంది. మనం మొదట ఒక రుసుం కట్టి, ఆ తర్వాత వచ్చిన ప్రతి రూపాయిలో కొంత రాయల్టీగా పంపుతూ ఉండాలి. టీ కొట్టుకూ మందుల షాపుకూ ఉన్నట్టే మనుషులను ఉద్యోగాల్లో చేర్చే పనికీ ఫ్రాంచైజీలు ఉన్నాయి. ఈ తరహా వ్యాపారం ఊపందుకున్నది అమెరికాలో. 1948లో మిల్వాకీ నగరంలో ఇద్దరు లాయర్లకు ఒక కేసు కాగితాలు తొందరగా టైపు చేయించాల్సి వచ్చింది. సమయానికి టైపిస్టులు దొరకలేదు. ఆ ఇబ్బందిలోంచి వాళ్లు పెట్టిన కంపెనీ పేరే మాన్‌పవర్. అదే ఏడాది న్యూయార్కులో రాబర్ట్ హాఫ్ అనే ఆయన అకౌంటెంట్లను వెతికిపెట్టే ఆఫీసు తెరిచి, తర్వాత ఊరూరా ఫ్రాంచైజీలు ఇచ్చాడు. 1986లో ఆ కంపెనీ చేతులు మారింది. కొత్త యాజమాన్యం చేసిన మొదటి పెద్ద పనుల్లో ఒకటి, ఇచ్చిన ఫ్రాంచైజీలను ఒక్కొక్కటిగా తిరిగి కొనేయడం. బాగా నడిచే ఊరి ఆఫీసును సొంతదారు ఎప్పటికీ బయటివాడి చేతిలో ఉంచడన్న సంగతి ఫ్రాంచైజీ అమ్మేవాళ్లు ఇచ్చే రంగుల పుస్తకాల్లో కనబడదు.

ఇక ఈ పని ఎలా నడుస్తుందో చూద్దాం. ఇందులో మూడు దారులున్నాయి. మూడూ ఒకే బోర్డు కింద కనిపిస్తాయి గనుక జనం ఒకటే అనుకుంటారు.

మొదటిది ప్లేస్‌మెంట్. ఒక కంపెనీకి మనిషి కావాలి. వెతికిపెడితే ఆ కంపెనీయే రుసుం ఇస్తుంది. మన దేశంలో వాడుకలో ఉన్న లెక్క, చేరిన మనిషి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. ఏడాదికి మూడు లక్షల జీతం మీద చేర్పిస్తే దాదాపు 25 వేలు. ఫ్రాంచైజీ ఇచ్చిన కంపెనీ అందులో 30 శాతం తీసుకుంటుందనుకుందాం. మన అబ్బాయికి 17,500 మిగులుతాయి. ఆఫీసు అద్దె, ఫోన్లు చేసే ఇద్దరు పిల్లల జీతాలు, జాబ్ పోర్టల్ చందా, కరెంటు, ఇంటర్నెట్ కలిపి నెలకు 50 వేలు అనుకుంటే ముగ్గురిని చేర్పించేసరికి ఆఫీసు ఖర్చు మాత్రం వస్తుంది. హైదరాబాదులో వదిలి వచ్చిన 60, 70 వేల జీతం తనకు మిగలాలంటే నెలకు ఏడుగురిని చేర్పించాలి. ఒక నెలకు కాదు, ప్రతి నెలా.

పైగా చేర్పించగానే డబ్బు రాదు. చేరినవాడు 60 లేదా 90 రోజుల్లోపు మానేస్తే ఇంకొకరిని ఉచితంగా ఇవ్వాలని కంపెనీలు ఒప్పందంలో రాయించుకుంటాయి. బిల్లు చెల్లింపుకు ఇంకో 45, 60 రోజులు. ఈ లోపు ప్రభుత్వానికి కట్టాల్సింది ఆగదు. 25 వేల బిల్లు మీద 18 శాతం జీఎస్టీ 4,500. బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకి అది కట్టేయాలి, కంపెనీ మనకు ఇచ్చినా ఇవ్వకపోయినా. ఇక్కడ ఒక చిన్న ఆసరా ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకున్న చిన్న సంస్థకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. అలా చెల్లించని కంపెనీ ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపన్ను లెక్కలో చూపుకోలేకుండా 2023-24 నుంచి నిబంధన కూడా వచ్చింది. మన దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇది తెలియదు.

రెండోది పేరోల్ స్టాఫింగ్. మనుషులు పనిచేసేది కంపెనీలో, జీతం ఇచ్చేది మనం. సెక్యూరిటీ గార్డులు, హౌస్ కీపింగ్ వాళ్లు, గోదాముల్లో ప్యాకింగ్ చేసేవాళ్లు ఎక్కువగా ఇలా ఉంటారు. నెలకు 15 వేల చొప్పున 20 మందిని పెట్టామనుకోండి. జీతాలు మూడు లక్షలు, యాజమాన్యం వాటా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, మొత్తం దాదాపు మూడున్నర లక్షలు. జీతాలు 7వ తేదీకల్లా ఇవ్వాలి. కంపెనీ మనకు రెండు నెలలకు ఇస్తుంది. అంటే ఎప్పుడు చూసినా ఏడు లక్షలు బయట తిరుగుతూ ఉండాలి. ఇందులో లాభం సన్నగా ఉంటుంది, పెట్టుబడి మాత్రం లావుగా కావాలి. కొత్తగా వచ్చినవాడు ఈ దారిలో అడుగుపెడితే మొదట దెబ్బ తినేది ఆ 20 మంది కూలీలే. వాళ్ల పీఎఫ్ కట్టడం ఆగిపోతుంది, ఆ తర్వాత జీతం ఆలస్యమవుతుంది. ఈ దారికి మన నిధి నుంచి అప్పు ఇవ్వకూడదని మేము అనుకోవడానికి ఆ 20 మందే కారణం.

మూడోది గల్ఫ్. మన ప్రాంతంలో మాన్‌పవర్ అన్న మాటకు అందరికీ తట్టే అర్థం ఇదే.

దీనికి నేపథ్యం అందరికీ తెలిసినదే అయినా, దూరంగా ఉన్న దాతల కోసం రెండు మాటలు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటి మీద ఈ చుట్టుపక్కల వరి, చెరకు పండాయి. 1930లలో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. భూమి ఉన్నవాడికి పంట, లేనివాడికి ఫ్యాక్టరీ అన్నట్టు నడిచింది. 1970ల నుంచి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల మనుషులు దుబాయి, సౌదీ, కువైట్ బాట పట్టారు. 2015 డిసెంబరులో షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో గల్ఫ్‌లో ఉన్న గల్లీలు మన మండలంలో ఉన్నాయి. మన సొసైటీకి వచ్చే చందాల్లో మంచి భాగం కూడా అక్కడి నుంచే వస్తుందని దాచుకోనవసరం లేదు. ఈ వ్యాసం చదువుతున్న మీలో కొందరు అక్కడే కూర్చుని చదువుతున్నారు.

కాబట్టి గల్ఫ్ పేరుతో ఎవరైనా ఫ్రాంచైజీ అమ్మజూపితే మన పిల్లలకు అది సులువైన వ్యాపారంలా కనబడుతుంది. వెళ్లాలనుకునేవాళ్లు గుమ్మం ముందే ఉన్నారు కదా! ఇక్కడే చట్టం తెలియాలి.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే పని చేయాలంటే కేంద్ర విదేశాంగ శాఖ కింద ఉన్న ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర రిక్రూటింగ్ ఏజెంటుగా రిజిస్టరు కావాలి. దానికి 50 లక్షల బ్యాంకు గ్యారంటీ చూపాలి. వంద మంది లోపు పంపే చిన్న ఏజెంట్లకు 8 లక్షల గ్యారంటీతో ఒక వీలు కల్పించారు. రిజిస్టరైన ఏజెంటు ఇంకో ఊళ్లో బ్రాంచి పెట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. ఉప ఏజెంటు అనేవాడికి ఆ చట్టంలో చోటే లేదు. హైదరాబాదులోనో ముంబైలోనో లైసెన్సు ఉన్న ఒక ఆఫీసు, మన అబ్బాయి దగ్గర మూడు నాలుగు లక్షలు తీసుకుని 'కోటగిరి ఫ్రాంచైజీ' అని కాగితం రాసిస్తే, అనుమతి పొందిన బ్రాంచి కానంతవరకు ఆ కాగితం అతణ్ణి ఉప ఏజెంటుగానే నిలబెడుతుంది. కేసు అయితే రెండేళ్ల దాకా జైలు. జరిమానా రెండు వేల రూపాయలే అని చట్టంలో ఉంది. 1983లో రెండు వేలు అంటే ఒక విలువ. ఇప్పుడు ఏజెంటు ఒక్క పాస్‌పోర్టు మీద అంతకు పదింతలు సంపాదిస్తున్నాడు.

రుసుం విషయంలోనూ చట్టం స్పష్టంగా ఉంది. రిజిస్టరైన ఏజెంటు కూడా కార్మికుడి నుంచి 30 వేల రూపాయలకు మించి తీసుకోకూడదు; 18 శాతం జీఎస్టీతో కలిపి 35,400. రసీదు ఇవ్వాలి. యూఏఈలోనైతే 2021 నాటి కార్మిక చట్టం, నియామక ఖర్చు కార్మికుడి మీద వేయకూడదని యాజమాన్యానికి నేరుగా చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం సారం కూడా అదే. మన గల్లీలో 'కంపెనీ వీసా'కు, 'ఆజాద్ వీసా'కు అడుగుతున్న రేట్లు ఎంతో చదువరులకు మేము చెప్పనవసరం లేదు. ఆ తేడా ఎక్కడికి పోతుంది? పై ఏజెంటుకు, మధ్య మనిషికి, ఊళ్లో ఫ్రాంచైజీవాడికి. ఎక్కడి నుంచి వస్తుంది? తల్లి పుస్తెల నుంచి, నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు నుంచి. వెళ్లిన మొదటి ఏడాది సంపాదన ఆ వడ్డీకే పోతుంది. అక్కడ చెప్పిన పని లేకపోతే ఇంకో చోటికి పారిపోయి ఖల్లివల్లి అవుతాడు. మనం వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పు ఇలా తిరిగి వడ్డీ అప్పుల మీదే బతికే వ్యాపారానికి పెట్టుబడి అయితే దాతలు ఏమనుకుంటారో ఊహించగలం.

మాతో మాట్లాడిన ఒక యువకుడు ఇదే చోట అభ్యంతరం చెప్పాడు. "చాచా, మేము పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు. కనీసం మేము మోసం చేయం కదా" అన్నాడు. అతని నిజాయితీ మీద మాకు అనుమానం లేదు. కానీ అతను వీసా చూడడు, యజమానితో మాట్లాడడు, ఒప్పందం రాయడు. పైవాడు పంపిన మాటను కిందివాడికి చేరుస్తాడు. మోసం జరిగిన రోజున ఇంటి ముందు జనం నిలబడేది మాత్రం అతని ఇంటి ముందే. అప్పుడు హైదరాబాదు ఆఫీసు ఫోను ఎత్తదు. అతనూ నష్టపోతాడు, అతని వాలిదైన్ కూడా తలెత్తుకు తిరగలేరు.

ఉద్యోగం వదలడం గురించి కూడా దాతలకు కొంత తెలియాలి, ఎందుకంటే అప్పు తిరిగి రావడం దాని మీదే ఆధారపడుతుంది. కంపెనీ ఉద్యోగం అంటే జీతం ఒక్కటే కాదు. ఇంట్లో అందరికీ ఆరోగ్య బీమా కంపెనీయే కట్టి ఉంటుంది. ఆఖరి రోజుతో అది ఆగిపోతుంది. ఐదేళ్లు నిండకుండా వదిలేస్తే గ్రాట్యుటీ రాకపోవచ్చు. నాలుగున్నరేళ్ల దగ్గర రాజీనామా రాసినవాళ్లను చూసి మేము ఆర్నెల్లు ఆగమని చెప్పాం. నోటీసు పీరియడ్ ఉంటుంది. పాత కంపెనీ క్లయింట్ల జాబితాను వాడుకోకూడదని సంతకం చేసి ఉంటారు. ఫ్లాటు ఈఎంఐ ఉంటే అది అత్తగారింటి చుట్టరికంలా ప్రతి నెలా గుమ్మంలో నిలబడుతుంది.

ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్ల చరిత్ర చూస్తే ఓపిక ఎంత కావాలో తెలుస్తుంది. నౌకరీ డాట్ కామ్ పెట్టిన సంజీవ్ బిఖ్‌చందానీ 1990లో హార్లిక్స్ తయారుచేసే కంపెనీలో మంచి ఉద్యోగం వదిలారు. అక్కడ పనిచేస్తున్నప్పుడు తోటివాళ్లంతా బిజినెస్ పత్రిక వెనక పేజీల్లో ఉద్యోగ ప్రకటనలు ముందు చదవడం గమనించారు. ఆలోచన అక్కడ పుట్టింది, కానీ నౌకరీ మొదలైంది 1997లో. మధ్య ఏడేళ్లు జీతాల సర్వేలు అమ్ముతూ, కాలేజీల్లో పాఠాలు చెబుతూ గడిచాయి; ఇల్లు నడిచింది భార్య ఉద్యోగం మీద. చెన్నైలో 1992లో కె. పాండియరాజన్ మొదలుపెట్టిన మా ఫాయ్ కూడా చిన్న ఆఫీసే. పన్నెండేళ్ల తర్వాత 2004లో డచ్చి కంపెనీ వెడియార్ దానిలో పెద్ద వాటా కొంది. ఇద్దరూ ఒకరి పేరు కొనుక్కుని మొదలుపెట్టలేదు. ఫ్రాంచైజీ కొనడం తప్పని దీని అర్థం కాదు. బోర్డు చూసి మనిషిని ఇమ్మని అడిగే యజమాని చాలా అరుదు. తెలిసినవాడు ఫోను చేస్తే అడుగుతాడు. ఆ తెలిసినతనాన్ని ఫ్రాంచైజీ కంపెనీ అమ్మలేదు.

ఫ్రాంచైజీ కాగితం గురించి. అమెరికాలో 1979 నుంచి ఒక నిబంధన ఉంది. ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ, సంతకానికి కనీసం 14 రోజుల ముందు 23 అంశాలున్న పత్రం కొనేవాడి చేతిలో పెట్టాలి. ఎంతమంది ఫ్రాంచైజీలు మూసుకున్నారు, కంపెనీ మీద ఉన్న కేసులేమిటి, మొత్తం ఖర్చు ఎంత, అన్నీ అందులో ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ వేరే చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. కాబట్టి ఆ ప్రశ్నలు మనమే అడగాలి. ముఖ్యంగా, గత రెండేళ్లలో మూసేసుకున్నవాళ్ల ఫోను నెంబర్లు అడగాలి. నడుస్తున్నవాళ్ల నెంబర్లు కంపెనీ తానే ఇస్తుంది. పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతు దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. ఒప్పందం నడుస్తున్నంతకాలం అది చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పందం ముగిశాక కూడా ఆ పని చేయొద్దనే షరతు మాత్రం కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలబడదు. మన పిల్లలు మూడేళ్లు ఫ్రాంచైజీ నడిపి, తర్వాత సొంత పేరు పెట్టుకోవాలని అనుకుంటే ఈ తేడా తెలిసి ఉండాలి.

మరి అప్పు ఎవరికి ఇవ్వాలి? మా కమిటీలో దీని మీద చాలాసార్లు మాటలు జరిగాయి. ఒకరిద్దరు పెద్దలు అసలే వద్దన్నారు. మేము చివరికి ఒక చోట నిలబడ్డాం. రుసుం యజమాని ఇచ్చే పని అయితే చూడొచ్చు. ఉద్యోగం వెతుక్కునేవాడి నుంచి ఒక్క రూపాయి తీసుకునే పని అయితే, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నా, ట్రైనింగ్ కిట్ అన్నా, దరఖాస్తు అక్కడితో ఆగుతుంది. అంటే మనం ఇచ్చేది మొదటి దారికి మాత్రమే. నిజామాబాద్ ఆసుపత్రులకు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, హైదరాబాదు కంపెనీలకు అకౌంట్స్ పిల్లలు, గోదాములకు సూపర్‌వైజర్లు కావాలి. బోధన్, బాన్సువాడ కాలేజీల నుంచి ఏటా డిగ్రీ పట్టుకుని బయటికొచ్చే పిల్లలున్నారు. వాళ్లకు బయోడేటా రాయడం రాదు, ఇంటర్వ్యూకు ఏ బస్సెక్కాలో తెలియదు. హైదరాబాదులో ఎనిమిదేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసి వచ్చిన మన ఊరి మనిషి ఈ రెంటినీ కలపగలడు. కోటగిరి రైసు మిల్లు నెల జీతమంతా రుసుంగా ఇస్తుందని మాత్రం లెక్క వేసుకోకూడదు. ఇక్కడి యజమానులకు ఆ అలవాటు లేదు, మనిషి కావాలంటే మస్జిద్ దగ్గరో చాయ్ హోటల్లోనో చెబుతారు. ఆఫీసు ఇక్కడ ఉన్నా సంపాదన బయటి కంపెనీల నుంచే రావాలి.

ఫ్రాంచైజీ రుసుం కోసం మనం డబ్బు ఇవ్వం. అది దరఖాస్తుదారు తన పొదుపులోంచి కట్టుకోవాలి. సొసైటీ ఇచ్చేది బిల్లు రాసి డబ్బు వచ్చేదాకా మధ్యలో నడవడానికి మాత్రమే. రెండు లక్షలకు మించకుండా, రెండు విడతలుగా, రెండో విడత మొదటి మూడు బిల్లుల నకళ్లు చూశాక. పద్దెనిమిది నెలల్లో తిరిగి కట్టాలి. దరఖాస్తుతో పాటు ఫ్రాంచైజీ ఒప్పందం నకలు, కనీసం ఇద్దరు యజమానులు మనుషుల్ని తీసుకుంటామని రాసిచ్చిన ఉత్తరాలు, ఇంటి ఖర్చుకు ఏడాది సరిపడా డబ్బు ఉందని చూపే బ్యాంకు కాగితం, ఇంట్లోవాళ్లకు సొంతంగా తీసుకున్న ఆరోగ్య బీమా రసీదు ఉండాలి. భార్య లేదా తల్లిదండ్రుల సంతకం కూడా అడుగుతున్నాం. జామీను కోసం కాదు. ఉద్యోగం వదులుతున్న సంగతి ఇంట్లో తెలుసునని రూఢి చేసుకోవడానికి. తెలియని ఇళ్లు కూడా ఉంటాయి.

గల్ఫ్ వెళ్లేవాళ్ల కోసం ఫ్రాంచైజీ అక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన టామ్‌కామ్ హైదరాబాదులో ఉంది, అదీ రిజిస్టరైన ఏజెంటే. ఏ ప్రైవేటు ఏజెంటు పేరైనా విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో ఫోనులోనే చూసుకోవచ్చు. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటే, గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకునే వెళ్లాలి. ఆ క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది: రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, ప్రమాద మరణానికి పది లక్షలు. విజిట్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటు ఈ రెంటినీ తప్పించేస్తున్నాడన్నమాట.

ఈ ఏడాది నుంచి ప్రతి శుక్రవారం జుమా నమాజు తర్వాత సొసైటీ ఆఫీసులో ఒక కార్యకర్త కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడు. పాస్‌పోర్టు, ఏజెంటు ఇచ్చిన కాగితం తీసుకుని వస్తే ఆ పేరు ఈమైగ్రేట్‌లో వెతికి చూపిస్తాడు, ఒప్పందంలో జీతం, పని గంటలు, యజమాని పేరు చదివి తెలుగులోనో ఉర్దూలోనో చెబుతాడు. ఏ మతంవాళ్లయినా రావచ్చు. డబ్బు కట్టాక కాదు, కట్టక ముందు రావాలి.